వేరు చేయకముందే పేరు

నెల క్రితం ఒక ఆదివారం శ్రీకాకుళంలో మా చెల్లెలి ఇంటికి వెళ్తే, చెప్పులు విప్పకముందే మేనకోడలు పరీక్ష పేపరు చేతిలో పెట్టింది. తొమ్మిదో తరగతి. ఇరవై ఐదుకు ఇరవై నాలుగు. పోయిన ఆ ఒక్క మార్కు మీద ఇంట్లో మూడు రోజులుగా తగువు నడుస్తోందట. కిందివాటిలో సజాతీయ మిశ్రమం, అంటే అంతటా ఒకేలా కలిసిపోయినది, ఏది అని ప్రశ్న. ఇసుక కలిసిన ఉప్పు, నూనె కలిసిన నీరు, పాలు, బురద నీరు అని నాలుగు జవాబులు. పిల్ల నాలుగింటినీ వదిలేసి పక్కన ‘ఏదీ కాదు’ అని రాసింది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పాల చుట్టూ ఒక సున్నా.

“గ్లాసులో పాలు పైన ఒక రకంగా, కింద ఒక రకంగా ఉంటాయా? మాస్టారు సరిగ్గానే దిద్దారు” అని మా చెల్లెలు. “పాలు కొల్లాయిడ్ (కంటికి ఆనని సన్న రేణువులు చెదిరి ఉన్న మిశ్రమం) అనీ, కొల్లాయిడ్ విజాతీయ మిశ్రమమనీ పుస్తకంలోనే ఉంది మావయ్యా” అని పిల్ల. ల్యాబ్‌లో పనిచేసేవాడిని కాబట్టి తీర్పు నా నెత్తిన పడింది.

పిల్ల రాసిందే సరైనదని చెప్పి కాఫీ తాగి వచ్చేశాను. కానీ ఆమదాలవలసలో రైలెక్కి చీపురుపల్లిలో దిగేదాకా అదే ఆలోచన. తల్లి కంటితో చూసి పేరు పెట్టింది. కూతురు పుస్తకం చూసి పేరు పెట్టింది. పాలను కాచినవారు లేరు, చిలికినవారు లేరు, వడగట్టినవారు లేరు. పాలు గిన్నెలో పాలుగానే ఉండిపోయాయి, తగువు మాత్రం మూడు రోజులు సాగింది.

పదార్థాల వర్గీకరణ పాఠాన్ని మనం తలకిందులుగా చెబుతున్నామని నాకు చాలాకాలంగా అనుమానం. ఆ రోజు రైల్లో అది అభిప్రాయంగా గట్టిపడింది. ముందు డబ్బాలు గీస్తాం: శుద్ధ పదార్థం, మిశ్రమం, శుద్ధ పదార్థం కింద మూలకం, సమ్మేళనం (మూలకాలు రసాయనికంగా కలిసి ఏర్పడ్డది), మిశ్రమం కింద సజాతీయం, విజాతీయం. తరువాత ఏది ఏ డబ్బాలో పడుతుందో అడుగుతాం. వడపోత, స్వేదనం, స్ఫటికీకరణం లాంటివి ఆ తర్వాతెప్పుడో వస్తాయి. అప్పటికి బిట్లు బట్టీ పట్టడం అయిపోయి ఉంటుంది. మనుషులు ఈ విద్య నేర్చుకున్నది మాత్రం ఎదురు వరుసలో. ముందు వేరు చేయబోయారు. ఏది వేరైంది, ఏది మొండికేసింది అన్నదాన్ని బట్టి తర్వాత పేర్లు పెట్టారు.

చెంచా ఎంత పెద్దది?

నేను గరివిడి వైపు ఒక ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారంలో ఇరవై ఏళ్లకు పైగా ఖనిజం పరీక్షిస్తున్నాను. లారీలో మాంగనీసు ఖనిజం వస్తుంది. నల్లటి పెళ్లలు, వాటి మధ్య తెల్లరాయి, అంతటా ఎర్రమట్టి. ఏ పెళ్ల పట్టుకుంటే ఆ పెళ్ల లెక్కే వస్తుంది. అందుకని లారీలో పది పదిహేను చోట్ల తీసి, పగలగొట్టి, కుప్ప పోస్తాం. కుప్పను చదును చేసి నాలుగు పాళ్లు చేస్తాం. ఎదురెదురుగా ఉన్న రెండు పాళ్లు పారబోసి, మిగిలిన రెండింటినీ మళ్లీ కుప్ప పోస్తాం. ఇలా తగ్గించుకుంటూ పోయి పిడికెడు మిగిలాక దాన్ని ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరుతాం. అందులోంచి అర గ్రాము తూచి ఆమ్లంలో కరిగిస్తాం.

ఇప్పుడు ఆ పొడి సజాతీయమా, విజాతీయమా? నా తక్కెడను అడిగితే సజాతీయమే. ఏ మూల నుంచి అర గ్రాము తీసినా దాదాపు ఒకే అంకె వస్తుంది. మైక్రోస్కోపును అడిగితే నల్ల రేణువులు, తెల్ల రేణువులు వేటికవే కనిపిస్తాయి. నూరడం వల్ల ఖనిజం మారిపోలేదు. రేణువు నా చెంచా కంటే బాగా చిన్నదైంది, అంతే.

ఒకసారి ఖనిజం అమ్మిన ఆయన కాగితం పట్టుకుని ల్యాబ్‌కే వచ్చాడు. ఆయన పరీక్ష చేయించుకుంటే మాంగనీసు 46 శాతం, మా లెక్కలో 44. ఆ రెండు శాతం మీద లారీకి చాలా డబ్బు తేడా వస్తుంది. మా రసాయనాలు పాతబడ్డాయన్నాడు. ఆయన తెచ్చిన నమూనా ఏరి తెచ్చిందని నేనన్నాను. గొంతులు లేచాయి. చివరికి ఇద్దరి ఎదుటా ఒకే పిడికెడును నూరించి, చెరి సగం పంచుకుని పరీక్ష చేయిస్తే తేడా మాయమైంది. ఆయన అబద్ధమాడలేదు, నా రసాయనాలూ పాడవలేదు. మొదటిసారి ఇద్దరి చెంచాలు కుప్పలో వేర్వేరు చోట్ల మునిగాయి.

అందుకే సజాతీయం అనే మాట వినగానే నేను అడిగేది ఒకటే: ఎంత చెంచాతో? పాలలో కొవ్వు బొట్లు చాలావరకు మిల్లీమీటరులో వెయ్యో వంతుకూ వందో వంతుకూ మధ్య ఉంటాయి. కాఫీలో పోసుకునే చెంచాకు పాలు సజాతీయం, మైక్రోస్కోపుకు విజాతీయం. ప్రశ్నపత్రంలో చెంచా ఊసే లేదు. పుస్తకం ప్రకారం చూసినా పిల్లే గెలుస్తుంది, అది వేరే సంగతి. కానీ గెలిచిన పిల్లకైనా పాలు ఎందుకు విజాతీయమో తెలుసా అని నా బాధ.

ఆ రోజు బయలుదేరేముందు ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి, నాలుగు చుక్కల పాలు వేసి, వంటింట్లో దీపం ఆర్పి, ఫోను టార్చి పక్క నుంచి వేశాను. నీళ్లలో వెలుతురు దారి తెల్లగా, కొంచెం నీలిగా కనిపించింది. టార్చికి ఎదురుగా నిలబడి గ్లాసు లోంచి చూస్తే ఆ దీపమే పసుపూ నారింజా కలిసిన రంగు. పక్కనే ఉప్పునీళ్ల గ్లాసులో అలాంటి దారి లేదు. పాల బొట్లకు తగిలి వెలుతురు చెదిరింది, ఉప్పునీళ్లలో అలా చెదరగొట్టేంత పెద్ద కణాలు లేవు. పిల్ల రెండు గ్లాసులనూ అటూ ఇటూ మార్చి మార్చి చూసింది. “అమ్మా, ఒకసారి ఇటు రా” అని పిలిచింది. మా చెల్లెలు వచ్చి, చూసి, “నీళ్లు కలిపిన పాలు నీలంగానే ఉంటాయి, మా పాలవాడిని అడిగినా చెబుతాడు” అని దీపం వేసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

కొల్లాయిడ్ అన్న పేరే వేరు చేసే పనిలోంచి పుట్టింది. థామస్ గ్రాహం అనే రసాయన శాస్త్రవేత్త రకరకాల ద్రావణాలను పలుచని పొరకు ఒక పక్క పోసి, ఏవి అవతలికి దాటతాయో చూశాడు. ఉప్పు, చక్కెర లాంటివి సులువుగా దాటిపోయాయి. జిగురు లాంటివి ఇవతలే ఆగిపోయాయి. ఆగిపోయిన వాటికి 1861లో, గ్రీకు భాషలో జిగురుకు ఉన్న మాటను తీసుకుని పేరు పెట్టాడు. ముందు పొర, తర్వాత పేరు. ఈ ఒక్క ముక్క పాఠంలో మొదటి వాక్యంగా ఉంటే ఎంత బాగుండేది!

మడుల్లో జరిగేది

మన శ్రీకాకుళం వైపు పిల్లలకు ఈ పాఠం చెప్పడానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. నౌపడ ఉప్పు మడుల గట్టు మీద నిలబెడితే చాలు. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో మనం తినే ఉప్పు మూడొంతులకు కాస్త పైన. మిగతావి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. నీరు ఎండుతున్నకొద్దీ ఇవన్నీ ఒకేసారి దిగవు. ముందు సున్నపు జాతి పదార్థం, తర్వాత జిప్సం. నీరు దాదాపు పదో వంతుకు తగ్గాక అసలు ఉప్పు. అది దిగాక మడిలో మిగిలిన చేదు నీటిని బయటికి తోడేయాలి. ఆలస్యం చేస్తే మెగ్నీషియం లవణాలు ఉప్పుతో పాటు దిగుతాయి. ఉప్పు చేదెక్కుతుంది, గాలిలో తేమను పీల్చుకుని జాడీలో ఎప్పుడూ చెమర్చి ఉంటుంది.

ఆ నీటిని ఏ గంటకు తోడాలో మడిలో పనిచేసేవారికి బాగా తెలుసు. స్ఫటికీకరణం అనే మాట వాళ్లు వినకపోవచ్చు. ఆ మాటను పదిసార్లు చూచిరాత రాసిన పిల్లలకు, మన ఇంటి కల్లుప్పు ఎందుకు చెమరుస్తుందో చెప్పమంటే నోరు పెగలదు. (మడి అంటే ఒక పక్క ఉప్పు పండే చోటు, ఇంకో పక్క అమ్మమ్మ తడిబట్టతో చేసే వంట. శుద్ధి అన్న ఆలోచన రెండు చోట్లా ఉంది. ఉప్పు మడిలోది మాత్రం నాలుక మీద తేలిపోతుంది.)

సున్నమూ ఒకప్పుడు మూలకమే

మూలకం అనే డబ్బా కూడా ఇలా తోడగా తోడగా ఏర్పడిందే. నీరు మూలకం కాదని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజియర్ 1783లో తేల్చాడు. అంతకుముందు వేల ఏళ్లు గ్రీకుల లెక్కలోనూ మన పంచభూతాల్లోనూ దానికి స్థానం ఉంది. 1789లో అతను అచ్చువేసిన పట్టికలో 33 మూల పదార్థాలున్నాయి. వాటిలో వెలుతురు ఉంది, వేడి ఉంది, సున్నం ఉంది. తమలపాకుకు రాసుకునే సున్నమే! తెలియక పెట్టాడని నవ్వుకోవచ్చు. కానీ అతని నియమం గట్టిది: ఇప్పటివరకు మన పద్ధతులతో ఇంకా విడిపోనిదాన్ని మూలకమంటాం. సున్నం లాంటివి ముందుముందు విడిపోవచ్చని అతనే అనుమానించాడు. 1794లో, ఫ్రెంచి విప్లవం రోజుల్లో, అతని తల తీశారు. 1808లో హంఫ్రీ డేవీ విద్యుత్తు సాయంతో సున్నంలోంచి కాల్షియాన్ని బయటికి లాగాడు. సున్నం ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి మారింది. మారింది మనిషి చేతిలోని పనిముట్టు. సున్నం ఎప్పటిలాగే ఉంది.

ఈ కథ చెబితే ‘మూలకం అంటే ఏమిటి’ అన్న రెండు మార్కుల ప్రశ్నకు పిల్లలు ఎలాగూ జవాబు రాస్తారు. దాంతో పాటు ఇది ఎవరికి, ఎలా తెలిసింది అని అడగడం కూడా అలవాటవుతుంది.

మాస్టారి మాట

ఇదంతా విజయనగరంలో రసాయనశాస్త్రం చెప్పే ఒక మిత్రుడికి వినిపించాను. ఓపికగా విని, “మీకు ఖనిజం లారీలో వస్తుంది, నాకు పిల్లలు ఆటోల్లో వస్తారు. ఒక గదిలో యాభై మంది, నలభై నిమిషాలు. అందరికీ తలా ఒక గ్లాసు, తలా ఒక టార్చి ఎక్కడి నుంచి తేను?” అన్నారు. అది నేను కాదనలేను. రెండో మాట ఇంకా బరువైనది. “పేర్లు లేకపోతే అసలు మాట్లాడుకోవడం ఎలా? డబ్బాలు ఇచ్చాకే డబ్బాలో పట్టనిది ఏదో తెలుస్తుంది. మీ మేనకోడలు ‘ఏదీ కాదు’ అని రాయగలిగిందంటే డబ్బాలు బాగా వచ్చు కాబట్టే.” నిజమే. ఇది నాకు తట్టలేదు.

మూడోది: “సజాతీయం, విజాతీయం మీ చెంచాను బట్టి మారతాయంటే ఒప్పుకుంటాను. సమ్మేళనం మారదు. నాగావళి నీరైనా వంశధార నీరైనా, శుభ్రం చేసి విడగొడితే బరువులో హైడ్రోజన్ ఒక వంతు, ఆక్సిజన్ ఎనిమిది వంతులు. అది ప్రకృతి గీసిన గీత. దాన్ని కూడా మన ఇష్టమంటే పిల్లలు పాడైపోతారు.”

ఇక్కడ ఆయన వైపే ఎక్కువ న్యాయం ఉంది. సమ్మేళనంలో పాళ్లు మారవని ప్రూస్ట్, మారవచ్చని బెర్తొలే అనే ఇద్దరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ప్రూస్ట్ గెలిచాడు. రసాయనశాస్త్రం ఈనాటికీ ఆ గెలుపు మీదే నడుస్తోంది. అయితే ఓడిన బెర్తొలే పేరు కూడా తర్వాత కొన్ని పదార్థాలకు పెట్టారు. ఇనుము, ఆక్సిజన్ ఒకటికొకటి కలిసి ఉండాల్సిన ఒక ఆక్సైడులో ఇనుము ఎప్పుడూ కాస్త తక్కువే పడుతుంది. వంద ఆక్సిజన్ పరమాణువులకు ఇనుము పరమాణువులు 95 దాకా ఉంటాయి, అదీ స్థిరం కాదు. ఇలాంటివాటిని బెర్తొలైడులు అంటారు. గీత ఉన్నమాట నిజం, కొన్ని చోట్ల అది సన్నటి దారంలా కాక వెడల్పాటి గట్టులా ఉందనీ తెలుస్తుంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మా ఊరి పక్కనే ఉంది. గరివిడి దగ్గరి కోడూరు మాంగనీసు గనుల్లో దొరికిన ఒక రాతికి ఫెర్మర్ అనే భూవిజ్ఞాని ఆ ఊరి పేరు మీదుగానే కోడురైట్ అని పేరు పెట్టాడు. అందులో ఫెల్డ్‌స్పార్, అపటైట్ అనే ఖనిజాలతో పాటు గార్నెట్ జాతి ఖనిజం ఒకటి ఉంటుంది. దాని పేరు స్పాండైట్. స్పెసార్టైట్, ఆండ్రడైట్ అనే రెండు గార్నెట్‌ల పేర్లను సగం సగం విరిచి అతికించిన పేరు. ఖనిజమూ అంతే. ఆ రెండూ ఒకే స్ఫటికంలో కలిసిపోయి ఉంటాయి, పాళ్లు చోటును బట్టి మారతాయి. స్ఫటికం చూస్తే ఒక్కటే, పాళ్లు చూస్తే మిశ్రమం. మా మాస్టారి బిట్ పేపరులో దాన్ని ఎక్కడ పెడతారని అడిగాను. “సిలబస్‌లో లేదు” అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇత్తడి చెంబు మీద ఒక పొగ

పుస్తకం తన నియమాన్ని తనే దాటే చోటు ఒకటుంది: మిశ్రమ లోహాలు. మిశ్రమాన్ని భౌతిక పద్ధతులతో వేరు చేయవచ్చని ముందు చెబుతారు. తర్వాత, ఇత్తడిని అలా వేరు చేయలేం, అయినా అది మిశ్రమమే, ఎందుకంటే పాళ్లు మార్చవచ్చు, లోపలి లోహాల గుణాలు కనిపిస్తాయి అంటారు. పిల్లలు తలూపి రాసుకుంటారు.

మన బుడితి ఇత్తడి, కంచు సామాన్లకు పేరున్న ఊరు. ఇత్తడి కరిగించేచోట మూస మూత తీసినప్పుడు చూడండి, తెల్లటి పొగ లేస్తుంది. అది జింకు. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరై, గాలి తగలగానే తెల్లటి బూడిదవుతుంది. అంటే పని జరుగుతున్నంతసేపూ మూసలో ఇత్తడి తనంతట తాను విడిపోవాలని చూస్తూనే ఉంది. అందుకే రాగి కరిగాకే జింకు వేస్తారు, పొగలో పోయేదానికి కాస్త ఎక్కువే వేస్తారు. వేరు చేయలేమన్న మాటకు అర్థం వడగట్టి, జల్లించి, ఇంట్లో కూర్చుని చేయలేమని. తగినంత వేడి ఉంటే సముద్రపు నీటికి జరిగేదే దీనికీ జరుగుతుంది.

మా కొలిమిలో తయారయ్యే ఫెర్రో మాంగనీసు ఇంకా చిక్కు. మాంగనీసు 70 నుంచి 80 శాతం, కర్బనం ఆరేడు శాతం, మిగిలినది చాలావరకు ఇనుము. మిశ్రమ లోహం కాబట్టి పుస్తకం లెక్కలో సజాతీయ మిశ్రమం. సుత్తితో కొడితే మాత్రం లోహంలా సాగదు, రాయిలా పగులుతుంది. దానిలో ఎక్కువ భాగం కార్బైడ్, అంటే సమ్మేళనం. ఆ మిలమిల మెరిసే ముక్కను పిల్లల చేతికిచ్చి ఒక సుత్తి కూడా ఇస్తే, జవాబు ఎవరూ చెప్పకుండానే సగం దూరం వాళ్లే వెళ్తారు.

శుద్ధమైన నీళ్లు

ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇబ్బంది కలిగించే మాట ‘శుద్ధం’. ఇంట్లో దానికి కల్తీ లేనిదని అర్థం. పాఠంలో ఒకే రకం కణాలతో తయారైనదని అర్థం. ఆ లెక్కన కల్తీ లేని పాలు శుద్ధం కావు, విషమైనా ఒకే పదార్థమైతే శుద్ధమే. పరీక్షలో ఈ తేడాతో ఒక మార్కు పోతుందేమో. బయట నష్టం అంతకంటే పెద్దది.

ఉద్దానంలో మాకు బంధువులున్నారు. కిడ్నీ జబ్బులు మొదలయ్యాక ఆ పల్లెల్లో గ్లాసుతో నీళ్లిస్తే కూడా ఎక్కడివి అని అడిగి తాగుతారు. కవిటి దగ్గర ఒక ఇంట్లో ఇరవై లీటర్ల డబ్బా మీద శుద్ధ జలం అని రాసి ఉంది. ఆ ఇంటి కుర్రాడు పెన్నులాంటి మీటరు తెచ్చి నీళ్లలో ముంచి, అంకె చిన్నది కాబట్టి నీళ్లు మంచివన్నాడు. కరిగిన ఘన పదార్థం లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకపోతే మేలని మన దేశపు తాగునీటి ప్రమాణం. అంకె దానికంటే చాలా కింద ఉంది. నేను ఒక గ్లాసు నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి అదే మీటరు ముంచమన్నాను. అంకె దాదాపు కదల్లేదు. కుర్రాడు మీటరు దులిపి మళ్లీ ముంచాడు. అంతే. ఆ మీటరుకు తెలిసింది విద్యుత్తు ఎంత పారుతోందన్నదే. కరిగిన చక్కెర విద్యుత్తును మోసుకుపోదు కాబట్టి దాని లెక్కలో చక్కెర లేనట్టే. ఏ లవణం ఉందో, ఏ విషం ఉందో అది చెప్పదు, చెప్పలేదు కూడా. వేరు చేయకుండా వచ్చిన ఒక అంకెకు మనం శుద్ధం అని పేరు పెట్టి డబ్బా మీద అతికించుకున్నాం. నీళ్ల మీద అంత భయం ఉన్నచోట ఆ పేరు ఎంత ధైర్యమిస్తుందో నాకు అర్థమవుతుంది. అందుకే ఆ పూట ఇంకేమీ మాట్లాడకుండా చక్కెర నీళ్లు నేనే తాగేశాను.

తర్వాతి ఆదివారం మేనకోడలిని తీసుకుని కళింగపట్నం వెళ్లాను. వంశధార కలిసేచోటుకు దూరంగా నడిచి ఒక సీసా సముద్రపు నీళ్లు పట్టాం. గుడ్డలో వడగట్టి, వెడల్పాటి స్టీలు పళ్లెంలో పోసి మేడ మీద పెట్టింది. రోజూ సాయంత్రం ఫోను. మూడో రోజుకు అంచు చుట్టూ సున్నం కొట్టినట్టు పలుచని తెల్లటి గీత. ఆరో రోజుకు దాని లోపల చిన్న చిన్న చతురస్రపు పలుకులు, వేలితో నొక్కితే గరగరలాడుతున్నాయట. నడిమధ్యలో మాత్రం రూపాయి బిళ్లంత తడి. రెండు రోజులు మండుటెండ కాసినా ఆరలేదు. నాలుకకు తాకించి చూసి, “ఛీ, చేదు మావయ్యా!” అంది. ఆ తడిని నోటుబుక్కులో ఏమని రాయాలని అడిగింది. మడుల సంగతి ఆమెకు నేనింకా చెప్పలేదు. ప్రస్తుతానికి ‘చేదు తడి’ అని రాసుకోమన్నాను.

మార్కు కలపలేదు. అడగడానికి వెళ్లిన మా చెల్లెలు, ఒక్క మార్కు కోసం వచ్చారా అని వాళ్లు అన్నారని వచ్చేసింది.

నిన్న పొద్దున మళ్లీ ఫోను. రాత్రి వాన పడిందట, మేడ మీద పళ్లెం తీయడం అందరూ మరిచిపోయారట. తెల్లారి చూస్తే తెల్ల గీత ఒకటి అంచున ఇంకా ఉంది గానీ, పలుకులు లేవు, మధ్యలో తడీ లేదు. పళ్లెం నిండా నీళ్లు. రుచి చూస్తే ఉప్పగా ఉన్నాయట.